అంచుకు సమానంగా

ఆ ఏడాది వానలు మొదలైన రోజునే నా కూతురు నన్ను ఆ ఇంట్లో దింపింది.

వాతావరణ కేంద్రంలో ముప్పై రెండేళ్లు వాన కొలిచే ఉద్యోగం చేశాను. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గాజు గొట్టాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని, నీళ్లు ఏ గీత మీద నిలిచాయో చూసి రాయడం నా పని. అందుకని ఆ రోజు పడ్డ వాన పదకొండు మిల్లీమీటర్లకు తగ్గదని ఇప్పటికీ చెప్పగలను. నా బరువు ఎంతో మాత్రం అప్పటికి ఏడాదిన్నరగా చూసుకోలేదు.

ఆ ఇల్లు ఒక ప్రింటింగ్ ప్రెస్సుకీ ఇస్త్రీ దుకాణానికీ మధ్యలో ఉంది. బయట బోర్డు లేదు. తిండి మీద అదుపు తప్పినవాళ్లను తొమ్మిది వారాలు ఉంచుకుని దారిలో పెట్టే చోటు అది. వారానికి రెండుసార్లు డాక్టరు వచ్చి చూసి వెళ్తాడు. మిగతాదంతా పెద్దక్క చేతుల మీద నడుస్తుంది. అరవై దాటిన మనిషి, ఊచలా ఉంటుంది. ఒకప్పుడు ఆ ఇంటి గుమ్మంలో పక్కకు తిరిగితే తప్ప పట్టేది కాదని తర్వాత తెలిసింది.

"పెట్టె తెరవండి," అంది పెద్దక్క.

తెరిచాను. చొక్కాలు, తువ్వాళ్లు, బీపీ మాత్రలు. ఆమె వాటిని చేత్తో కూడా తాకలేదు.

"గొడుగు ఇటివ్వండి."

గొడుగు విప్పగానే మడతల్లోంచి రెండు బిస్కెట్ ప్యాకెట్లు నేల మీద పడ్డాయి. నా కూతురు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడింది.

"రెండేనా?"

"కళ్లజోడు పెట్టెలో చాక్లెట్లున్నాయి," అన్నాను.

"మరి కళ్లజోడు?"

"జేబులో ఉంది."

"ఫరవాలేదు, కొత్తవాళ్లే. పోయినసారి ఒకాయన రేడియో విప్పి లోపల జీడిపప్పు పోసుకొచ్చాడు," అంది పెద్దక్క. తర్వాత ఫారం తీసి నా కూతురి వైపు తిరిగింది. "ఎందుకు చేర్పిస్తున్నారమ్మా?"

నా కూతురు సిటీ బస్సు డ్రైవరు. బస్సు నడిపేవాళ్లకు మాట్లాడేటప్పుడు కూడా ఎదురుగా చూసే అలవాటుంటుంది. నా వైపు తిరగకుండానే చెప్పింది.

"నా కూతురి లంచ్ బాక్స్ తినేస్తున్నాడు."

పెద్దక్క పెన్ను ఆపలేదు. రాసుకుంది.

అది నిజమే. మా ఆవిడ పోయిన కొన్నాళ్లకి కూతురి ఇంటికి వచ్చేశాను. అల్లుడు లారీ మీద తిరిగే మనిషి, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. నా కూతురు తెల్లవారేసరికి డ్యూటీకి పోతుంది. ఆరేళ్ల మనవరాలిని బడికి తీసుకెళ్లి, తీసుకొచ్చే పని నాది. బడి ఇరవై నిమిషాల నడక. దారిలో పార్కు గోడ దగ్గర కాసేపు ఆగేవాళ్లం. నా మోకాళ్ల కోసమని చెప్పేవాణ్ణి. అక్కడ బాక్స్ తెరిచి ఒక ముక్క తీసుకునేవాణ్ణి. ముక్క సగమైంది, సగం మొత్తమైంది. ఖాళీ బాక్స్ మూత పెట్టి పిల్ల సంచిలో జాగ్రత్తగా సర్దేవాణ్ణి. నెల తర్వాత టీచరు నా కూతురికి ఫోన్ చేసి, పాపకు తమ బాక్సుల్లోంచే పెడుతున్నామని చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే అని తల్లి అడిగితే, "తాతకి ఆకలేస్తుంది కదమ్మా," అందట పాప.

నా కూతురు అరిస్తే బాగుండేది. అరవలేదు. డిపోలో ఎవరినో అడిగి ఈ ఇంటి చిరునామా కనుక్కుంది.

వెళ్లేముందు మెట్ల దగ్గర నిలబడి, రెయిన్ కోటు బొత్తాలు పెట్టుకుంటూ చెప్పింది. "బడికి వాన సెలవులు పది వారాలు నాన్నా. నీకిక్కడ తొమ్మిది. డిపో వెనక క్వార్టర్స్ ఖాళీ అవుతున్నాయి. పక్కనే వేరే బడి ఉంది, పిల్లని నేనే దింపుకోవచ్చు. సెలవుల ఆఖరి శుక్రవారంలోగా ఫారం ఇవ్వాలి."

"అక్కడ ఒకటే గది కదమ్మా?"

"అవును. ఇద్దరికి సరిపోతుంది," అంది. అప్పుడు మాత్రం నా వైపు చూసింది. "నిన్ను వదిలేస్తానని కాదు నాన్నా. పిల్లని నీ చేతిలో పెట్టి స్టీరింగ్ పట్టుకోలేను. అంతే."

గొడుగు నా దగ్గరే వదిలేసి వానలో వెళ్లింది.

*

ఆ ఇంట్లో ఎవరి పళ్లెంలో వాళ్లు వడ్డించుకోకూడదు.

పొడుగాటి బల్ల, ఇటు నలుగురు, అటు నలుగురు. మధ్యలో గిన్నెలు. ఎదురుగా కూర్చున్న మనిషికి మనం వడ్డించాలి, మనకు వాళ్లు వడ్డించాలి. గరిటె నింపి, కత్తి వీపుతో పైన గీసి, అంచుకు సమానం చేసి వేయాలి. కూర ఒక గరిటె, బీన్స్ ఒక గరిటె, అన్నం ఒక గరిటె, ఒక పండు. రెండోసారి అడగకూడదు, పెట్టకూడదు.

"ఈ రెంట్లో పెట్టడమే పెద్ద తప్పు," అంది పెద్దక్క మొదటి రోజే. "అడిగేవాడు జబ్బుతో అడుగుతాడు. పెట్టేవాడు తెలిసే పెడతాడు."

నా ఎదుటి కుర్చీ టైలరమ్మది. నలభై అయిదేళ్లుంటాయి, నాకన్నా మూడు రోజులు ముందు చేరింది. ఆమె పెట్టిన మొదటి గరిటె చూసి, ఇది వడ్డన కాదు, రుచి చూడ్డానికి వేసిందనుకుని ఆగాను.

"అంతే అన్నయ్యగారూ. ఎంతసేపు చూసినా పెరగదు. నేనూ చూశాను," అంది.

బల్లంతా నవ్వింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవమానంతో కాదు, నిజంగా ఆకలితో.

మొదటి పది రోజులూ చెప్పుకోదగ్గవి కావు. తలనొప్పి, చేతుల వణుకు, ఊరికే కోపం. ఇస్త్రీ దుకాణంలోంచి వచ్చే ఆవిరి వాసన కూడా రొట్టె కాల్చిన వాసనలా తగిలేది. డాక్టరు మాత్ర ఇచ్చి, నీళ్లు తాగమని, నడవమని చెప్పాడు. వాన తగ్గినప్పుడల్లా పెరట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచాను. అరవై రెండు అడుగులు.

ఉదయం తొమ్మిదింటికి అందరం వరండాలో కూర్చునేవాళ్లం. ముందురోజు ఏం జరిగిందో ఒక్కొక్కరు చెప్పాలి. దానికో షరతుంది. చెప్పేటప్పుడు 'ఎందుకంటే' అనకూడదు. అంటే మళ్లీ మొదటినుంచి చెప్పాలి. కారణాలు డాక్టరుకు చెప్పుకోండి, ఇక్కడ జరిగిందే చెప్పండి అనేది పెద్దక్క. మొదటి వారం నా వంతు వస్తే అందరూ వెనక్కి వాలి కూర్చునేవాళ్లు. నేను నాలుగు మాటలు చెప్పాలంటే ఆరుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చేది.

"వానగారికి కారణాలు కూడా మిల్లీమీటర్లలో కావాలి," అనేవాడు బేకరీ ఆయన.

నాకు ఆ పేరు పెట్టింది ఆయనే. పెద్ద పొట్ట, అంతకన్నా పెద్ద గొంతు. సొంత బేకరీలోనే పాడైపోయిన మనిషి. "మొదటి బన్ను నాది, విరిగిన బన్ను నాది, ఎవరూ కొనని బన్ను నాది. రోజుకి ఎన్ని విరుగుతాయో మీరు నమ్మరండీ. నేనే విరగ్గొట్టేవాణ్ణి," అనేవాడు.

గిన్నెలు కడిగే వంతు నాకూ టైలరమ్మకూ కలిపి పడేది. ఆమె తోమేది, నేను తుడిచేవాణ్ణి.

"మీ వానా, నా టేపూ ఒకటే అన్నయ్యగారూ," అంది ఒక మధ్యాహ్నం. "ఊళ్లో అందరి నడుములూ కొలిచాను. ఒకరోజు నాది కొలుచుకుందామంటే టేపు చాల్లేదు. సరే, టేపుదే తప్పని కొత్త టేపు కొన్నాను."

"నేను మా ఆవిడ పోయాక కూడా ఇద్దరికే వండేవాణ్ణమ్మా."

"అదెందుకూ?"

"ఒకరికి వండటం చేత కాలేదు. ఆమె పళ్లెం అలా నిండుగా ఉంటే చూడలేకపోయేవాణ్ణి. తినేసేవాణ్ణి. కొన్నాళ్లకి అదీ చాల్లేదు. ముగ్గురికి వండటం మొదలుపెట్టాను."

టైలరమ్మ తోమడం ఆపింది. "మూడోవాళ్లెవరండీ?"

"అదే నాకూ అర్థం కాలేదు."

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ముందు ఆమె నవ్వింది. తర్వాత నాకూ ఆగలేదు. మా ఆవిడ పోయినప్పటి సంగతి చెప్పి నవ్వడం అదే మొదలు. చేతిలో పళ్లెం జారి పెద్ద చప్పుడైతే పెద్దక్క తొంగి చూసి వెళ్లిపోయింది.

*

నాలుగో వారంలో ఒక ఉదయం దోసకాయ ముక్క నోట్లో వేసుకుంటే దానికి రుచి ఉందని తెలిసింది. చల్లగా, కొంచెం తియ్యగా, చివర్లో కాస్త చేదుగా ఉంది. ఆ ముక్కను చాలాసేపు నమిలాను. అయిదో వారంలో కిందికి వంగి చెప్పుల పట్టీ నేనే పెట్టుకోగలిగాను. చిన్న సంగతులే. కానీ ఆ వయసులో, ఆ ఇంట్లో, అవి ఉత్తరాలు వచ్చినట్టు వచ్చేవి.

ఆదివారాలు బంధువులు వచ్చే రోజు. నా కూతురు ప్రతి ఆదివారం వచ్చేది. పాపను తెచ్చేది కాదు. వరండా చివర కుర్చీలో పదిహేను నిమిషాలు కూర్చునేది.

"పాప ఎలా ఉందమ్మా?"

"బావుంది. పక్కింటి టీచరమ్మ దగ్గర ఉంటోంది. ఒక పన్ను ఊడింది."

"పైదా, కిందిదా?"

"కిందిది." లేచేముందు, "నువ్వు తగ్గావు నాన్నా," అనేది. అందులో మెచ్చుకోలు లేదు. రోడ్డు మీద గుంత పూడ్చారో లేదో చూసి చెప్పినట్టు ఉండేది. గుంత పూడ్చినంత మాత్రాన ఆ దారిన వేగం పెంచే మనిషి కాదు నా కూతురు.

ఏడో ఆదివారం మాత్రం వెళ్తూ వెళ్తూ ఆగింది. "ఫారం ఇంకా ఇవ్వలేదు. పెద్దక్కతో మాట్లాడాను. ఇలాగే ఉంటే తొమ్మిదో వారం పంపించేస్తానంది. అప్పుడు చూద్దాం."

'చూద్దాం' అనే మాటకు ఎంత బరువుంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఆ రోజంతా దాన్ని మోసుకు తిరిగాను.

ఎనిమిదో ఆదివారం టైలరమ్మ కొడుకు రావాలి. చేరినప్పటినుంచీ ఒక్కసారీ రాలేదు. పై ఊళ్లో చదువుతున్నాడు. ఆమె మిషను లేకుండా, చేత్తోనే వాడికి చొక్కా కుట్టింది. బొత్తాలకు దారం నన్నే ఎక్కించమంది. పొద్దున పదింటి నుంచి వరండాలో కూర్చుంది. పన్నెండింటికి ఆఫీసు గదిలో ఫోన్ మోగింది. వెళ్లి, రెండు నిమిషాల్లో వచ్చింది.

"రాడట అన్నయ్యగారూ. స్నేహితులతో ఉన్నాడట. ఇక్కడికని వాళ్లకి చెప్పలేడు కదా, పాపం," అంది. చొక్కా మడిచి సంచిలో పెట్టింది. ఏడవలేదు. వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

ఆ పూట కూర బంగాళాదుంపలది. నేను గరిటె నింపాను. కత్తి తీసుకున్నాను. మళ్లీ కింద పెట్టేశాను. గరిటె మీద దుంపలు గుట్టగా ఉన్నాయి. అలాగే ఆమె పళ్లెంలో వేశాను.

టైలరమ్మ పళ్లెం చూసింది. నా వైపు చూసింది. తినేసింది.

పక్కన బేకరీ ఆయన తన పండు ఒలుచుకుంటున్నాడు. ఎవరూ చూడలేదు.

సోమవారం మళ్లీ అలాగే వేశాను. మంగళవారం నేను గరిటె ముంచకముందే ఆమె కళ్లు నా చేతిని పట్టుకున్నాయి. ఆ రోజు గుట్ట ఇంకాస్త పెరిగింది.

బుధవారం మధ్యాహ్నం అందరం పడుకున్న వేళ టైలరమ్మ గొడుగు కూడా తీసుకోకుండా వీధి మలుపులో ఉన్న దుకాణానికి వెళ్లింది. దుకాణం మెట్ల మీదే కూర్చుని ఒక కేకు మొత్తం తినేసిందట. పెద్దక్క వెళ్లి తీసుకొచ్చేసరికి తడిసి ముద్దయి ఉంది. సాయంత్రం వరకూ వాంతులు. నేను గది బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి వెళ్లలేదు.

*

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి వరండాలో కూర్చున్నాం. టైలరమ్మ శాలువా కప్పుకుని వచ్చింది.

"నిన్న మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. ఒక కేకు తిన్నాను. ఇంకోటి కూడా కొన్నాను, తినేలోపు అక్క వచ్చింది," అంది. అంతే. 'ఎందుకంటే' అనే మాట లేదు. మొదటిసారే సరిగ్గా చెప్పింది.

"అంతకుముందు?" అడిగింది పెద్దక్క.

"అంతకుముందు ఏమీ లేదక్కా."

"ఆదివారం నుంచీ బల్ల దగ్గర అంతా మామూలేనా?"

"మామూలే," అంది టైలరమ్మ. నా వైపు చూడకూడదని ఎంత గట్టిగా అనుకుందో, మెడ నరం లేచి కనిపిస్తోంది.

పైన రేకుల మీద వాన పడుతోంది. నాకు ఇంకో నాలుగు రోజులుంది. తొమ్మిది వారాలు పూర్తి, ఆ పై వారానికి బడి, పాప చేయి పట్టుకుని ఇరవై నిమిషాల నడక. బల్ల నియమం తప్పినవాళ్లకు ఇంకో మూడు వారాలు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. టైలరమ్మ చెప్పదు. చెప్పదని నాకు నమ్మకంగా తెలుసు, అదే నన్ను కూర్చోనివ్వలేదు.

"నేను చెప్పాలి," అన్నాను.

"మీ వంతు రాలేదు వానగారూ."

"ఆదివారం ఆమెకు గరిటె అంచు దాటి పెట్టాను. ఎందుకంటే వాళ్ల అబ్బాయి..."

"ఆగండాగండి," అన్నాడు బేకరీ ఆయన. గొంతు ఎప్పటిలా లేదు, మెత్తగా ఉంది. "మళ్లీ మొదట్నుంచి."

"ఆదివారం గరిటె అంచు దాటి పెట్టాను. సోమవారం పెట్టాను. మంగళవారం ఇంకా ఎక్కువ పెట్టాను."

పెద్దక్క నా వైపు తిరిగింది. "చేయి జారి ఉంటుంది. కొత్త కత్తి, సరిగ్గా గీయదు," అంది.

ఆమె నాకు తలుపు తెరిచి పట్టుకుందని తెలుసు. దయతోనే అలా పట్టుకుందో, నేను దాటతానో లేదో చూడ్డానికో, ఇప్పటికీ అడగలేదు.

"లేదమ్మా. ముప్పై రెండేళ్లు నీటి అంచు చూసిన కన్ను నాది. నా చేయి జారదు. కత్తి తీసుకుని మరీ కింద పెట్టాను."

"జాలిపడి పెట్టారు అన్నయ్యగారూ," అంది టైలరమ్మ మొదటిసారి నా వైపు తిరిగి. "జాలిపడటం తప్పా?"

"జాలి ఆదివారం వరకేనమ్మా," అన్నాను. "సోమవారం, మంగళవారం నువ్వు తింటుంటే నేను చూస్తూ కూర్చున్నాను. నీ ముద్ద వెంట నా కళ్లు వెళ్లాయి. నేను తిన్నట్టే ఉంది. ఇంకా పెట్టాలనిపించింది. నీకోసం కాదు."

టైలరమ్మ శాలువా సరిచేసుకుంది. "పార్కు గోడ దగ్గర కూడా ఇలాగే మొదలైందా?" అంది.

ఆమెకు ఆ గోడ సంగతి గిన్నెలు కడిగేటప్పుడు నేనే చెప్పాను.

"ఇలాగే," అన్నాను.

పెద్దక్క లేచింది. "మూడు వారాలు," అంది. "ఇద్దరికీ. కుర్చీలు మార్చను. రేపట్నుంచి ఇద్దరూ గరిటె కంటికి ఎదురుగా ఎత్తి ఒకరికొకరు చూపించుకుని వేయండి. వానగారికి ఎలాగూ అలవాటే."

*

కూతురికి ఫోన్ నేనే చేశాను. డ్యూటీలో తన సెల్ ఎత్తదు, డిపోకి చేస్తే పిలిపించారు. వెనకాల బస్సులు రివర్సు తీస్తున్న చప్పుడు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. కారణాలు చెప్పలేదు. ఇంకో మూడు వారాలు ఉండాలన్నాను.

"అంటే బడి తెరిచే రోజుకి నువ్వు రావు."

"రాలేనమ్మా."

"వాళ్లు చూశారా, నువ్వు చెప్పావా?"

"నేనే చెప్పాను."

"సరే నాన్నా. బండి తీసే టైమైంది," అని పెట్టేసింది.

ఆ ఆదివారం రాలేదు. ఆ తర్వాత వచ్చిన శుక్రవారం, ఫారానికి ఆఖరి రోజు, పెరట్లో పన్నెండుసార్లు ఇటూ అటూ నడిచాను. వాన లేదు. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టు ఉంది. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. నా కూతురు ఫారం ఇచ్చి ఉంటే, చేయాల్సిన పనే చేసింది. ఈ మాట మనసులో అనుకుని, అనుకున్నది నిజమేనా అని చూసుకున్నాను. చాలావరకు నిజమే.

ఆదివారం పదకొండింటికి గేటు చప్పుడైంది. నా కూతురు వచ్చింది. పక్కన పాప, రబ్బరు బూట్లలో.

"తాతా, నువ్వు చిన్నగా అయిపోయావు!" అంది పాప. నోట్లో ముందు పళ్లు రెండు లేవు.

"నువ్వు పెద్దగా అయిపోయావు. నీకెవరిచ్చారే నా కొలత?"

పాప ఇల్లంతా తిరిగింది. బేకరీ ఆయన్ని చూసి, "నీ పొట్టలో ఏముంది?" అని అడిగింది. "నా దుకాణం ఉందమ్మా. ఖాళీ చేస్తున్నాను," అన్నాడాయన.

మేమిద్దరం వరండా చివర కూర్చున్నాం. నా కూతురు క్వార్టర్స్ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. రేపు బడి తెరుస్తారని, మొదటి వారం తను సెలవు పెట్టిందని చెప్పింది. పావుగంట గడిచాక తన చేతిలో ఫోన్ మోగింది. డిపో నుంచి. ఒక డ్రైవరుకు ఒంట్లో బాగోలేదట, మూడు ట్రిప్పులు చేసి పెట్టమని అడుగుతున్నారు.

ఫోన్ చేత్తో మూసి పెరట్లో ఆడుకుంటున్న పాపను చూసింది. టీచరమ్మ ఊళ్లో లేదని నాకు తెలుసు, కాసేపటి ముందు తనే చెప్పింది. పెద్దక్క ఆఫీసు గదిలోనే ఉంది. నా కూతురు ఆ గది వైపు వెళ్లలేదు.

"నాలుగింటికి వస్తాను నాన్నా. దానికి మధ్యాహ్నం అన్నం పెట్టు," అంది. రెయిన్ కోటు తీసుకుని వెళ్లిపోయింది. అంతా కలిపి ఒక నిమిషం పట్టి ఉంటుంది.

భోజనం బల్ల దగ్గర పాపకు నా పక్కన ఎత్తు కుర్చీ వేశారు. గరిటె నింపాను. కత్తి వీపుతో గీసి, కంటికి ఎదురుగా ఎత్తి టైలరమ్మకు చూపించాను. "సరిపోయింది," అంది. పాప పళ్లెంలో వేశాను. పాపకు అది ఆటలా ఉంది. తన చెంచా కూడా అలాగే ఎత్తి అందరికీ చూపించి మరీ తిన్నది.

సగం తిని, "చాలు తాతా," అని దిగి పెరట్లోకి పరిగెత్తింది.

నా పళ్లెం ఖాళీ అయింది. పక్కన పాప పళ్లెంలో సగం గరిటె అన్నం, నాలుగు బీన్స్, ఒక దుంప ముక్క. అందరూ లేచిపోయారు. నేను లేవలేదు. పెరట్లోంచి పాప నవ్వు వినిపిస్తోంది. ఆ దుంప ముక్కకు ఒక పక్క పిల్ల పంటి గాటు ఉంది, ఊడిన పళ్ల దగ్గర సందుతో సహా. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. తీసెయ్యాలంటే దాన్ని పట్టుకోవాలి. పట్టుకోవడానికి భయమేసింది.

టైలరమ్మ గిన్నెల దగ్గర నీళ్లు తిప్పింది. కాసేపు నన్ను చూసింది. తనంతట తాను రాలేదు.

"అమ్మా," అని పిలిచాను. "ఈ పళ్లెం కాస్త తీసెయ్యి."

వచ్చి తీసేసింది. ఆ తర్వాత గిన్నెలు మాత్రం నేనే తుడిచాను.

నాలుగు దాటి పది నిమిషాలకు నా కూతురు వచ్చింది. యూనిఫాం చొక్కా చెమటకు వీపుకు అతుక్కుని ఉంది. వస్తూనే పాప మొహం చూసింది, చేతులు చూసింది. అడగబోయింది. నేనే ముందు చెప్పాను.

"సగం తిన్నది. మిగతా సగం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. టైలరమ్మని పిలిచి తీయించాను."

"ఎంతసేపు కూర్చున్నావు?"

"అయిదు నిమిషాలు ఉంటుంది."

"అయిదేనా?"

"పది," అన్నాను.

నా కూతురు పెదవి బిగపట్టి తల ఊపింది. నవ్వు ఆపుకుందో, ఇంకేదైనా ఆపుకుందో తెలియలేదు. వంగి పాప బూట్లు సరిచేసింది. ఎడమది కుడికాలికి వేసుకుందని తిట్టింది.

"వచ్చే ఆదివారం నాకు డ్యూటీ ఉంది. పొద్దున్నే దింపుతాను దీన్ని. పళ్లకి మందు వేయాలి, రాసిస్తాను," అంది.

గేటు దాకా వెళ్లాను. పాప ముందు పరిగెత్తింది. నా కూతురు గొళ్లెం తీస్తూ, ఎటో చూస్తూ అంది.

"ఆ క్వార్టర్స్‌లో నీళ్లు సరిగ్గా రావట నాన్నా. నేను ఫారం ఇవ్వలేదు."

ఆ క్వార్టర్స్ నేను చూశాను. వాటి వెనకే ఊరందరికీ నీళ్లిచ్చే పెద్ద ట్యాంకు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. రోజూ దాని కిందే బస్సు నిలిపే నా కూతురికి ఇంకా బాగా తెలుసు.

"నీళ్లు లేకపోతే కష్టమేనమ్మా," అన్నాను.